తీసివేతలోని పనితనం

ఉదయం నడక మొదలుపెట్టబోతున్న ఎనిమిది మందిని ఊహించుకుందాం. అందరూ నలభై దాటినవాళ్లు, కూర్చుని చేసే ఉద్యోగాలు. నడక మొదలుకాకముందు ఒకరోజు, నిద్ర లేవగానే మంచం దిగకుండా, ఎవరి నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూసి వరుసగా రాసుకున్నారు: 78, 66, 84, 72, 90, 69, 75, 82. తర్వాత పన్నెండు వారాలు రోజూ ముప్పావుగంట నడిచారు. మళ్లీ అదే వేళకు, అదే పద్ధతిలో చూసి, పేర్ల వరుస మారకుండా రాసుకున్నారు: 73, 64, 77, 69, 82, 70, 71, 78. ఈ అంకెలు లెక్క విప్పి చూపడానికి నేను వేసుకున్నవి, ఏ అధ్యయనంలోవీ కావు.

మొదటి వరుస సగటు 77, రెండోదాని సగటు 73. అంటే నిమిషానికి నాలుగు తగ్గింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నెమ్మదించడం మామూలుగా మంచి సూచనే. వ్యాయామంతో బలపడిన గుండె ఒక్కో స్పందనకూ ఎక్కువ రక్తం పంపగలదు కాబట్టి తక్కువసార్లు కొట్టుకున్నా ఒంటికి సరిపోతుంది. కానీ ఈ నాలుగును నమ్మవచ్చా? రాత్రి నిద్ర పట్టకపోయినా, ఒళ్లు కాస్త వెచ్చబడినా, మనసులో ఏదైనా ఆందోళన ఉన్నా నాడి నాలుగైదు అటూ ఇటూ అవుతుంది. చూస్తున్నది నడక ఫలితమా, లేక మామూలు ఊగిసలాటేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే సాధనాన్ని పెయిర్డ్ టి-టెస్ట్ అంటారు. జత టి-పరీక్ష అనుకోవచ్చు. స్టాటిస్టిక్స్ పాఠంలో ఇది ఒక సూత్రంగా వచ్చి, పరీక్షలో ఒక ప్రశ్నగా మారి, తర్వాత మరుపున పడుతుంది. విడదీసి చూస్తే లోపల ఉన్నవి నాలుగైదు చిన్న పనులే. ఒక్కో పని ఆ చోటులోనే ఎందుకుందో అర్థమయ్యేకొద్దీ, దీన్ని కట్టినవాళ్లు ఎంత జాగ్రత్తగా ఆలోచించారో కనబడుతుంది.

మొదటి పని తీసివేత. ఒక్కో మనిషికీ ముందు కొలతలోంచి తర్వాతి కొలత తీసేయాలి. మొదటి మనిషికి 78లోంచి 73 పోతే 5. తర్వాతివాళ్లకు వరుసగా 2, 7, 3, 8. ఆరో మనిషికి 69 కాస్తా 70 అయింది కాబట్టి మైనస్ 1. చివరి ఇద్దరికీ చెరో 4. పదహారు అంకెలతో ఇక పని లేదు. ఇక్కడినుంచి పరీక్ష చూసేదల్లా 5, 2, 7, 3, 8, –1, 4, 4 అనే ఎనిమిది తేడాలనే.

ఈ పరీక్ష మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకునేది ఈ మెట్టే. అయిదో మనిషి నాడి 90 ఎందుకుంది? పుట్టుకతో వచ్చిన తీరు కావచ్చు, ఒంట్లో రక్తం తక్కువ కావచ్చు, పని ఒత్తిడి కావచ్చు. రెండో మనిషికి 66 ఎందుకుంది? కుర్రతనంలో ఆటలాడిన ఒళ్లు కావచ్చు. ఈ కారణాలు మనకు తెలియవు, కొలవలేదు, కొన్నిటి పేర్లు కూడా తెలియవు. అయినా అవి ముందు కొలతలో ఎంత ఉన్నాయో తర్వాతి కొలతలోనూ దాదాపు అంతే ఉన్నాయి. తీసివేతలో రెండూ కొట్టుకుపోతాయి. నెయ్యి కొనేటప్పుడు ఖాళీ గిన్నెను ముందే తూచి ఆ బరువు తీసేస్తారు కదా, గిన్నె ఇత్తడిదైనా స్టీలుదైనా లెక్క నెయ్యికే వస్తుంది. ఇక్కడ ఒక్కో మనిషికీ అతని సొంత గిన్నె బరువు విడిగా తీసేసినట్టయింది. తెలియని కారణాలను తెలుసుకోకుండానే లెక్కలోంచి తొలగించడం, అదీ మూడో తరగతి పిల్లలు చేసే తీసివేతతో! గణితంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని జరిగే సందర్భాలు అరుదు.

ఎంత తొలగిందో అంకెల్లోనే చూడవచ్చు. ఎనిమిది మంది ముందు కొలతలు తమ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే విస్తృతి 65.43. తర్వాతి కొలతల విస్తృతి 33.14. రెండూ కలిపితే 98.57. జతలు కట్టకుండా, వీళ్లెవరో వాళ్లెవరో అన్నట్టు రెండు గుంపులుగా పోల్చితే ఈ మొత్తం చెదురు మన నెత్తిన ఉంటుంది. తేడాల విస్తృతి మాత్రం సరిగ్గా 8. మధ్యలో 90.57 మాయమైంది. అది మనుషుల మధ్య ఉన్న స్థిరమైన వ్యత్యాసం. 78 ఉన్నవాడు తర్వాత 73కి, 66 ఉన్నవాడు 64కి, 90 ఉన్నవాడు 82కి చేరారు. ఎక్కువ ఉన్నవాళ్లు తర్వాత కూడా ఎక్కువగానే, తక్కువ ఉన్నవాళ్లు తక్కువగానే ఉన్నారు. రెండు వరుసలూ ఇలా కలిసి నడవడాన్నే సహవిస్తృతి అంటారు. తీసివేత చెరిపేసింది దాన్నే.

రెండో పని తేడాల సగటు. ఎనిమిదీ కూడితే 32, ఎనిమిదితో భాగిస్తే 4. ఇది ముందే తెలిసిన అంకె, ఆగాల్సిన పనిలేదు.

మూడో పని, ఆ 4 చుట్టూ తేడాలు ఎంత చెదిరాయో చూడటం. ఒక్కో తేడాలోంచి 4 తీసేస్తే 1, –2, 3, –1, 4, –5, 0, 0. వీటిని వర్గం చేసి కూడితే 1, 4, 9, 1, 16, 25 కలిసి 56. దీన్ని ఎనిమిదితో కాదు, ఏడుతో భాగించాలి. పాఠం చదివిన ప్రతి ఒక్కరూ ఇక్కడ ఒకసారి తడబడతారు. సగటు 4 అని తేలిపోయాక ఏడుగురి తేడాలు చెబితే చాలు, ఎనిమిదో మనిషి తేడా దానంతటదే తెలిసిపోతుంది. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు మారగలిగేది ఏడుగురే. అందుకే ఆ ఏడుకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అని పేరు. 56ను 7తో భాగిస్తే 8. దాని వర్గమూలం 2.83 తేడాల ప్రామాణిక విచలనం. ఒక్కో మనిషి తేడా సగటునుంచి మామూలుగా ఎంత దూరం జరుగుతుందో అది చెబుతుంది.

నాలుగో పని దాన్ని మనుషుల సంఖ్య వర్గమూలంతో భాగించడం. ఎనిమిది వర్గమూలం కూడా 2.83. భాగిస్తే సరిగ్గా 1 వస్తుంది. (అందుకే ఈ అంకెలు ఎంచుకున్నాను.) ఈ 1 ఏమిటి? ఒక మనిషి తేడా ఊగేంతగా ఎనిమిది మంది సగటు ఊగదు. ఒకరు ఎక్కువైతే మరొకరు తక్కువై, కొంత సర్దుకుంటుంది. అయితే ఆ సర్దుబాటు మనుషుల సంఖ్యతో సమానంగా పెరగదు, వర్గమూలంతోనే పెరుగుతుంది. ఊగిసలాట సగానికి తగ్గాలంటే మనుషులు నాలుగు రెట్లు కావాలి. అధ్యయనాలకు డబ్బు, సమయం ఎందుకంత పడతాయో ఈ ఒక్క వర్గమూలం చెబుతుంది.

చివరిది భాగహారం. సగటు తగ్గుదల 4ను దాని సొంత ఊగిసలాట 1తో భాగిస్తే 4. అదే టి. చూస్తున్న మార్పు తన సహజమైన తొట్రుపాటుకు నాలుగు రెట్లుందని దాని అర్థం. ఇందులో నాడి, నిమిషం అన్న ప్రమాణాలేవీ మిగల్లేదు. పైన కొలిచిందాన్నే కింద కొలతగా పెట్టి భాగించాం కాబట్టి అవి కొట్టుకుపోయాయి. టి ఎంత ఉంటే చాలో చెప్పే పట్టిక ఒకటుంది; నాడికైనా రక్తపోటుకైనా నడుము చుట్టుకొలతకైనా ఆ ఒకే పట్టికతో పని జరగడానికి ఈ భాగహారమే కారణం.

ఇదే లెక్కను జతలు విడగొట్టి చేస్తే ఏమవుతుందో పక్కన పెట్టి చూడాలి. పైన అదే 4. కింద మాత్రం 98.57ను 8తో భాగించి వర్గమూలం తీస్తే 3.51. టి విలువ 1.14. జతలు లేని పోలికలో, ఇంతమందికి అయిదు శాతం గీత (నిజంగా ఏ మార్పూ లేకపోయినా యాదృచ్ఛికంగా నూటికి అయిదుసార్లు మాత్రమే దాటే హద్దు) దాటాలంటే 2.145 ఉండాలి. దరిదాపుల్లో లేదు. ఎనిమిది మంది, పదహారు కొలతలు, అవే అంకెలు. ఎవరి పక్కన ఎవరిని రాశామన్న సమాచారం పారేస్తే ఉన్న సంగతి కనబడకుండా పోయింది.

టి 4 వచ్చింది సరే, నాలుగు చాలా? ఈ ప్రశ్నకు మొదట సరైన జవాబు చెప్పిన మనిషి ఒక బీరు కర్మాగారంలో ఉద్యోగి. విలియం సీలీ గాసెట్ ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివి 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ కంపెనీలో చేరారు. బార్లీ రకాలు, హాప్స్ నాణ్యత, ఈస్ట్ లెక్క ఆయన పని. ఏ ప్రయోగమైనా నాలుగైదు మడుల్లోనో, నాలుగైదు నమూనాల మీదో జరగాల్సిందే, వేల సంఖ్యలో చేసే వీలు లేదు. అప్పటి స్టాటిస్టిక్స్ పద్ధతులేమో పెద్ద నమూనాల కోసం తయారైనవి. ప్రామాణిక విచలనం మనకు ముందే కచ్చితంగా తెలుసు అన్నట్టు అవి సాగేవి. నాలుగు అంకెల నుంచి లెక్కించిన విచలనం కచ్చితంగా ఎలా ఉంటుంది? అదీ ఊగుతుంది. ఒక్కోసారి ఆ నాలుగూ అనుకోకుండా దగ్గరదగ్గరగా పడి విచలనం చిన్నదిగా తేలుతుంది. కింద అంకె చిన్నదైతే భాగఫలం ఉత్తినే పెద్దదైపోతుంది. చిన్న నమూనాల్లో ఈ మోసం ఎంత తరచుగా జరుగుతుందో లెక్కగట్టాలి. గాసెట్ చేసిన పని అదే.

1908లో బయోమెట్రికా పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. ఉద్యోగులు సొంత పేర్లతో పరిశోధనలు ప్రచురించడానికి కంపెనీ అప్పట్లో ఒప్పుకునేది కాదు కాబట్టి రచయిత పేరు 'స్టూడెంట్' అని మాత్రమే ఉంది. ఈ పరీక్షను ఇప్పటికీ స్టూడెంట్ టి-టెస్ట్ అంటున్నది అందుకే. అందులో సూత్రం రాబట్టాక ఆయన చేసిన ఒక పని మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. 3,000 మంది నేరస్థుల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు కొలిచిన అంకెలు అప్పటికే ప్రచురితమై ఉన్నాయి. వాటిని అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున తీసి 750 చిన్న నమూనాలు తయారుచేశారు. ఒక్కో నాలుగింటికీ సగటు, విచలనం, వాటి భాగఫలం లెక్కగట్టి, తన సూత్రం చెప్పినట్టే అవి పంచుకున్నాయో లేదో సరిచూసుకున్నారు. ఇప్పుడు కంప్యూటర్ రెప్పపాటులో చేసే పనిని ఆయన అట్టముక్కలతో చేశారు. సూత్రం మీద నమ్మకం ఉన్నా పరీక్షించకుండా వదల్లేదు.

ఆ వ్యాసంలో ఉదాహరణకు ఎంచుకున్న మొదటి లెక్క జతలదే, పైగా ఆరోగ్యానికి సంబంధించినదే. కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు 1905లో ప్రచురించిన ఫలితాలవి. పది మంది రోగులు, రెండు నిద్రమందులు. ఒక్కో మందుతో ఒక్కొక్కరికి మామూలుకంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్ర పట్టిందో కొలిచారు. మొదటి మందుతో సగటున 0.75 గంట, రెండోదాంతో 2.33 గంటలు. ఒక్కో రోగికి రెండింటి మధ్య తేడా తీస్తే 1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. సగటు 1.58 గంటలు. ఇప్పటి పద్ధతిలో టి 4.06 వస్తుంది. పది జతలకు కావలసింది 2.26 మాత్రమే. జతలు విడగొడితే టి 1.86కు పడిపోతుంది, గీత అందదు. పైన మన ఎనిమిది మంది కథే ఇక్కడా జరిగింది. ఆ పది మంది అంకెలు ఇప్పటికీ ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో 'స్లీప్' పేరుతో ఉన్నాయి, ప్రపంచమంతటా విద్యార్థులు వాటిమీదే చేయి తిప్పుకుంటారు.

గాసెట్ సూత్రానికి ఇప్పుడున్న రూపం ఇచ్చింది రోనాల్డ్ ఫిషర్. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ భావన తెచ్చి, టి రూపంలో పట్టికలు వేసి, 1925లో తన పుస్తకం ద్వారా ప్రయోగాలు చేసేవారందరికీ అందించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే.

ఆ పట్టికలో అయిదు శాతం గీత కింద ఉన్న అంకెలను నిలువుగా చదివి చూడండి. రెండే జతలుంటే టి 12.71 దాటాలి. మూడు జతలకు 4.30. అయిదుకు 2.78. మన ఎనిమిదికి 2.365. ముప్పై ఒకటికి 2.04. జతలు లెక్కలేనన్ని అయితే 1.96 దగ్గర ఆగుతుంది. సాక్ష్యం తక్కువైతే ఎంత ఎక్కువ గట్టిగా మాట్లాడాలో ఈ వరుస చెబుతుంది. రెండు జతల దగ్గర ఉన్న కట్టుదిట్టం మూడో జత రాగానే ఎంత సడలిందో, ముప్పై తర్వాత ఎంత కొద్దిగా సడలుతోందో గమనిస్తే, చిన్న నమూనాతో ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో ఒక్క నిలువు వరుసలోనే తెలుస్తుంది. మన టి 4 కాబట్టి 2.365 సులువుగా దాటింది. నడక వల్ల నిజానికి ఏ మార్పూ లేకపోతే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత పెద్ద టి అటో ఇటో వచ్చే అవకాశం వెయ్యికి అయిదు. దీన్నే పి విలువ అంటారు. నడక పనిచేయకపోయే అవకాశం వెయ్యికి అయిదు అని దాన్ని చదవకూడదు. ఈ తప్పు పత్రికల్లో తరచూ కనబడుతుంది.

పట్టిక మీద నమ్మకం కుదరనివాళ్లకు మరో దారి ఉంది. అది ఫిషర్ 1935లో చూపించింది. నడకకు ఏ ప్రభావమూ లేదనుకుందాం. అప్పుడు మొదటి మనిషి తేడా +5 అయినా –5 అయినా కావచ్చు, రెండింటికీ సమాన అవకాశం. ఎనిమిది మందికీ అంతే. కాబట్టి గుర్తులు మారుస్తూ పోతే మొత్తం 256 రకాలుగా ఈ జాబితా తయారవుతుంది. వాటిలో కూడిక 32 లేదా అంతకంటే ఎక్కువ వచ్చేవి ఎన్ని? గుర్తులన్నీ ప్లస్ అయితే 34. ఆ 1 ఒక్కటే మైనస్ అయితే 32, అది మనకు వచ్చిందే. 2 మైనస్ అయినా 30కి పడిపోతుంది. అంటే రెండే. అటువైపు, అంటే అంతా పెరిగిన వైపు, మరో రెండు. 256లో నాలుగు, నూటికి ఒకటిన్నర. గంట వంపు (నార్మల్ డిస్ట్రిబ్యూషన్), పట్టిక, వర్గమూలం ఏదీ లేకుండా వేళ్లమీద లెక్కపెట్టగలిగిన జవాబు ఇది. టి ఇచ్చిన అంకె కంటే పెద్దదే, కానీ తీర్పు ఒకటే. డార్విన్ పెంచిన పదిహేను జతల మొక్కజొన్న మొక్కలమీద ఫిషర్ ఇదే పని చేశారు. అక్కడ కూర్పులు 32,768. ఆ లెక్కింపు, టి-పరీక్ష రెండూ అయిదు శాతం గీతకు పక్కపక్కనే వచ్చి నిలిచాయి.

ఇంతవరకూ యంత్రం. దీన్ని వ్యాయామం, ఆరోగ్యం అన్న విషయానికి బిగించేటప్పుడు ఎక్కడ సరిగ్గా కూర్చుంటుందో చూడాలి.

వ్యాయామంమీద పేరున్న మొదటి అధ్యయనాల్లో ఒకటి జెర్రీ మారిస్ బృందం లండన్ బస్సు సిబ్బందిమీద చేసి 1953లో ప్రచురించినది. డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే గుండెజబ్బు తక్కువగా వచ్చింది. గొప్ప పరిశీలన. కానీ వాళ్లు రెండు వేర్వేరు గుంపులు. ఆ తర్వాత 1956లో అదే బృందం సిబ్బంది యూనిఫాం కొలతలు తీసి చూసింది. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలతలు కండక్టర్లవాటికంటే పెద్దవి, కొలువులో చేరిన కొత్తలో కూడా. అంటే తేడాలో కొంత ఉద్యోగానికి ముందే ఉంది. తమ సిద్ధాంతానికి అడ్డొచ్చే ఈ సంగతిని దర్జీ లెక్కల్లోంచి తవ్వి తీసి తామే ప్రచురించారు. జత కట్టడం పరిష్కరించేది సరిగ్గా ఈ చిక్కునే. మనిషిని అదే మనిషితో పోలిస్తే, నడుము మొదట ఎంతున్నా తీసివేతలో పోతుంది.

మనిషిని అదే మనిషితో పోల్చడాన్ని చివరిదాకా తీసుకెళ్లింది డాలస్ బెడ్ రెస్ట్ అధ్యయనం. 1966లో టెక్సస్‌లో ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతులైన యువకులు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. నిమిషానికి వాళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ సగటున 3.30 లీటర్ల నుంచి 2.43కు పడిపోయింది. తర్వాత కఠినమైన శిక్షణ ఇస్తే మొదటి స్థాయిని కూడా దాటింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ అయిదుగురినే మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. 2.90 ఉంది. ముప్పై ఏళ్ల వయసు తీసిన దెబ్బకంటే మూడు వారాల పడక తీసిన దెబ్బ రెట్టింపుకు పైన. అయిదుగురితో ఇంత మాట చెప్పగలిగారంటే ఆ బలం అయిదు అన్న అంకెలో లేదు. అందరూ తమను తామే కొలతగా పెట్టుకోవడంలో ఉంది.

అయితే తీసివేత తొలగించేది మనిషిలోని స్థిరమైన వ్యత్యాసాన్నే. కాలాన్ని తొలగించదు. మన ఎనిమిది మంది మే నెలలో మొదలుపెట్టి ఆగస్టులో ముగించారనుకోండి, ఎండ తగ్గింది. నడక మొదలుపెట్టినవాళ్లు భోజనం కూడా మార్చుకుని ఉండవచ్చు. ఇవన్నీ ఆ 4లో కలిసే ఉంటాయి. ఇంకో సంగతి మన జాబితాలోనే దాగి ఉంది. అందరికంటే ఎక్కువ తగ్గినవాళ్లు ఎవరు? 90, 84 ఉన్నవాళ్లు, 8, 7 చొప్పున. తక్కువ నాడి ఉన్న 66 మనిషికి రెండే తగ్గింది, 69 మనిషికి పెరిగింది. నడక అవసరం ఎక్కువున్నవారికి ఎక్కువ మేలు చేసిందని చెప్పుకోవచ్చు. కానీ ఒకరోజు ఎక్కువగా కనబడిన కొలత మరోరోజు ఊరికే సగటువైపు జరుగుతుంది. నాడి ఎక్కువున్నవాళ్లనే ఏరి నడకకు పిలిస్తే, నడవకపోయినా తగ్గుదల కనబడుతుంది. దీనికి టి-పరీక్షలో మందు లేదు, ప్రయోగం కట్టేటప్పుడే ఉండాలి. నడవని మరో ఎనిమిది మందికి కూడా అవే రెండు తేదీల్లో నాడి చూసి, రెండు గుంపుల తేడాలను పోల్చాలి.

పరిశోధకులు ఈ కాలం చిక్కుకు కనిపెట్టిన దారుల్లో ఒకటి చూస్తే ముచ్చటేస్తుంది. బెంట్ సాల్టిన్, డాలస్ అధ్యయనంలోనూ ఉన్న ఆయనే, సహచరులతో 1976లో ప్రచురించిన పరిశోధనలో ఒక్క కాలితోనే సైకిలు తొక్కించారు. ఒక కాలికి శిక్షణ, రెండో కాలితో పోలిక. మనిషి ఒకడే, తిండి ఒకటే, వాతావరణం ఒకటే, రెండు కాళ్లకూ అవే వారాలు. జత ఇంతకంటే దగ్గరగా దొరకదు. ఫిన్‌లాండ్‌లో మరోలా చేశారు. ముప్పై ఏళ్లకు పైగా ఒకరు వ్యాయామం చేస్తూ మరొకరు చేయకుండా ఉన్న కవలలను వెతికి పదహారు జతలు పట్టుకున్నారు. ఒక్కో జతలో ఒకరి కొలతలోంచి మరొకరిది తీసేశారు. వ్యాయామం లేనివారి పొట్టలోపలి కొవ్వు చాలా ఎక్కువగా తేలింది. ఇక్కడ తీసివేతలో పోయింది పెరిగిన ఇల్లు, చాలావరకు పుట్టుక.

ఎంత వ్యాయామం చాలు అన్న ప్రశ్నకూ జతలు కట్టవచ్చు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 150కీ 300కీ తేడా తెలియాలంటే ప్రతి ఒక్కరిచేతా రెండూ చేయించాలి. సగంమంది ముందు 150తో మొదలుపెట్టాలి, సగంమంది 300తో. ఎవరు దేంతో అన్నది చీటీలు వేసి తేల్చాలి. మధ్యలో విరామం ఇవ్వాలి. వ్యాయామం ఫలితం వారాల తరబడి ఒంట్లో నిలిచిపోతుంది కాబట్టి ఆ విరామం చాలకపోతే మొదటి విడత రెండో విడతలోకి చొరబడుతుంది.

విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఒక పొరపాటు మళ్లీ మళ్లీ వస్తుంది. మొదటి నిలువు వరుసలో వారానికి వ్యాయామం చేసిన నిమిషాలు, రెండోదాంట్లో నాడి లేదా ఆరోగ్య స్కోరు పెట్టి పెయిర్డ్ టి-టెస్ట్ నొక్కేస్తారు. రెండూ ఒకే మనిషివే కదా, జతే కదా అని. 210 నిమిషాల్లోంచి 73 స్పందనలు తీసేస్తే ఏమొస్తుంది? ఏ అర్థమూ లేని 137. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ 137లకు కూడా సగటు కట్టి, చిన్న పి విలువ చూపించి, పెద్ద సంగతి తేలినట్టు చెబుతుంది. జతలోని రెండు కొలతలూ ఒకే విషయానివై, ఒకే ప్రమాణంలో ఉండాలి. నిమిషాలు పెరిగేకొద్దీ నాడి తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న, దానికి సహసంబంధం, రిగ్రెషన్ ఉన్నాయి.

మిగతా షరతులు తక్కువే. గంట వంపులో ఉండాల్సింది తేడాలు, అసలు కొలతలు కావు. ముందు కొలతలు ఎంత వంకరగా ఉన్నా ఫరవాలేదు. తేడాల్లో ఒకటి రెండు మరీ దూరంగా పడితే ఫ్రాంక్ విల్కాక్సన్ 1945లో ఇచ్చిన వరుసల పరీక్ష ఉంది. ఒకే ఇంట్లోంచి కలిసి నడిచే ముగ్గురిని మూడు స్వతంత్ర జతలుగా లెక్కించడం సరికాదు. మధ్యలో మానేసినవాళ్లకు తర్వాతి కొలత ఉండదు కాబట్టి వాళ్ల జత పోతుంది. మోకాళ్లనొప్పులతో మానేసినవాళ్లే పోతే మిగిలినవాళ్ల సగటు అందంగా కనబడుతుంది. ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది మిగిలారు అన్న రెండు అంకెలు లేని ఫలితాన్ని నేను నమ్మను. పి విలువతోపాటు తగ్గుదల హద్దులూ రాయాలి. మన లెక్కలో 4కు అటూ ఇటూ 2.365, అంటే 1.6 నుంచి 6.4. తగ్గుదల ఒకటిన్నర కావచ్చు, ఆరు దాటవచ్చు. ఎనిమిది మందితో ఇంతకంటే సన్నగా చెప్పలేం.

ఎక్సెల్‌లో ఈ పరీక్షను టి.టెస్ట్ అనే ఫంక్షన్‌తో చేయవచ్చు. బ్రాకెట్‌లో చివరగా 1 అని ఇస్తే జతలు కట్టి లెక్కిస్తుంది. 2 లేదా 3 ఇస్తే విడగొట్టి లెక్కిస్తుంది. పైన చూసిన 4, 1.14 తేడా అంతా ఆ ఒక్క అంకెలో ఉంది.

మీ కాలనీలో నడక బృందం ఏదైనా మొదలవుతుంటే ఒక పని చేయండి. మొదటి అడుగు వేయకముందే అందరి నాడి, రక్తపోటు, నడుము కొలత పేరుతో, తేదీతో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. వీలైతే ఒక్కరోజు కాకుండా మూడు రోజులు చూసి సగటు రాయండి. నడవమన్నా నడవని పక్కింటివాళ్లను కూడా బతిమాలి వాళ్ల కొలతలూ రాయండి. తర్వాతి కొలత ఎప్పుడైనా తీసుకోవచ్చు. ముందు కొలత నడక మొదలయ్యాక దొరకదు.